ఊగని వంతెన

పెళ్లయి ఏడాది తిరక్కుండానే నేను పుట్టింటికి వెళ్లిపోదామనుకున్నాను. మొగుడు చెడ్డవాడా అంటే కాదు. అత్తమామలు రాచిరంపాన పెట్టారా అంటే అదీ కాదు. వంతెన ఊగుతోందని. నవ్వకండి. మీ ఇంటికీ మీ పనికీ మధ్య ఒక పెద్ద నది ఉండి, దాని మీద ఇనుప పంట్లు వరసగా కట్టిన తేలే వంతెన ఉండి, అడుగేసినప్పుడల్లా అది కాళ్ల కింద లేస్తూ దిగుతూ ఉంటే అప్పుడు తెలుస్తుంది.

నేను తాపీమేస్త్రి కూతుర్ని. మా నాన్న గోడ కడుతుంటే దారానికి గుండు వేలాడదీసి, ఒక కన్ను మూసి చూసేవాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా పీకి మళ్లీ కట్టేవాడు. అలాంటి మనిషి ఇంట్లో పుట్టి పెరిగి, ఏ తాడూ బిగించి కట్టని ఇంట్లోకి వచ్చి పడ్డాను. మా అత్తవారింట్లో దండెం కూడా నడుం వంగిన ముసలమ్మలా ఉండేది. చీర ఆరేస్తే అంచు నేల ఊడ్చేది.

"ఈ ఇంట్లో తాడు బిగించడం తెలిసినవాళ్లు ఒక్కరూ లేరా అత్తయ్యా?" అన్నాను ఒకరోజు ఒళ్లు మండి.

"బిగిస్తే మీ మామయ్య వచ్చి వదులు చేస్తారమ్మా. నేను ఎన్నోసార్లు చూశాను," అంది ఆవిడ, నేల ఊడ్చిన అంచుని మళ్లీ పిండుతూ.

నీరు తగ్గగానే వంతెన కట్టడం, వరద రాకముందే విప్పి ఒడ్డుకి చేర్చడం, మా అత్తవారిది తాతల నాటి నుంచీ అదే పని. వంతెన లేని నెలల్లో పడవ నడిచేది. నేను అవతలి ఒడ్డున బట్టలు కుట్టే షెడ్డులో కత్తిరింపు పనికి వెళ్లేదాన్ని. పడవలో అయితే మా ఆయన చొక్కా పట్టుకుని కళ్లు మూసుకు కూర్చుంటే ఎలాగో గడిచిపోయేది. వంతెన మీద కళ్లు మూసుకుని నడవలేం కదా! పైగా వంతెన పడగానే పడవ ఆపేసేవారు.

ఆ ఏడు కట్టడం మొదలైనప్పుడు నాకు సరదాగానే ఉంది. ఒడ్డు మీద బోర్లించిన పంట్లని ఒక్కొక్కదాన్నీ మామయ్య సుత్తితో తడుతూ పోయేవారు. పంటు అంటే ఏముంది, పైన మూత వేసిన ఇనుప డొల్ల పడవ, లోపల గాలి తప్ప ఇంకేమీ ఉండదు. ఖంగుమంటే సరే. మొద్దుగా మోగితే అక్కడ తుప్పు తినేసిందని అర్థం, అతుకు వేయాల్సిందే. బాగున్నవాటిని దుంగల మీద దొర్లించి నీళ్లలోకి తోసి, ముక్కు ఎగువకి తిప్పి, ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టేవారు. వాటి మీద దూలాలు, దూలాల మీద పలకలు, పలకలు జారకుండా ఇనుప చీలలు. రెండు ఒడ్ల నుంచీ పెంచుకుంటూ వచ్చి చివరికి నది నడిమధ్యన కలిపేవారు.

లంగర్లు వేసేటప్పుడు మామయ్య నన్నూ పడవ ఎక్కించుకున్నారు. ప్రతి పంటు ముక్కు మీదా తాడు చుట్టుకునే ఒక చక్రం ఉంటుంది. అక్కణ్నుంచి ఇనుప తాడు వదులుకుంటూ ఎగువకి వెళ్లాం, వెళ్లాం, ఇంకా వెళ్లాం. వంతెన వెనకాల చిన్నదైపోయింది.

"ఇంత దూరం ఎందుకు మామయ్యా? పంటు కిందే పడేస్తే పోదా?"

"కింద పడేస్తే అది ఉత్త బరువమ్మాయ్. దూరంగా వేస్తేనే లంగరు." ఆయన కొక్కేల్లాంటి దాని కొసలు చూపించారు. "ఇవి నేలలో దిగాలి. తాడు పక్కకి లాగితే ఇంకా లోపలికి దిగుతాయి. పైకి లాగావనుకో, ముల్లంగి పీకినట్టు ఊడొస్తుంది. అందుకే తాడు పొడుగ్గా వదలాలి, కొసకి బరువైన గొలుసు వేసి నేల మీద పడుకోబెట్టాలి."

"మరి అంత వదులుగా ఉంటే ఊగదూ?"

"ఊగనీ. కింద నీళ్లు ఊగుతుంటే మనదొక్కటే ఊగకపోతే ఎలా?"

నాకు ఆ జవాబు నచ్చలేదు. కానీ ఆ సాయంత్రం ఒడ్డెక్కాక మామయ్య మా ఆయన భుజం మీద చెయ్యేసి, "ఈ ఏడు ఎగువ తాళ్లన్నీ నీవేరా. నేను అడగను, నువ్వు చూసుకో," అన్నప్పుడు మాత్రం నాకు కడుపు నిండిపోయింది. అప్పటిదాకా ఆ తాళ్ల మీద మామయ్య తప్ప ఎవరూ చెయ్యి వేసింది లేదు. మా ఆయన మొహం చూడాలి! ఆ పూట అన్నం తిన్నాడో లేదో కూడా ఆయనకి తెలీదు.

వంతెన తెరిచిన మర్నాటి నుంచీ నా పాట్లు మొదలయ్యాయి. సైకిళ్లు పోతుంటే ఒక ఊపు, బండి పోతే ఇంకో ఊపు. నేను కమ్మీ పట్టుకుని, మోకాళ్లు కర్రల్లా బిగించి, దేకుతున్నట్టు నడిచేదాన్ని. చిన్నపిల్లలు నన్ను దాటుకుని పరిగెత్తేవాళ్లు. షెడ్డు చేరాక కూడా నేల ఊగుతున్నట్టే ఉండేది. గుడ్డలు దొంతరగా పేర్చి సుద్దగీత మీద కత్తి నడిపిస్తుంటే గీత పాములా కదిలేది. ఒకరోజు దొంతరకి దొంతరే వంకరగా కోసేశాను.

మా సూపర్‌వైజరమ్మ మంచిదే. అందుకే మెల్లగా చెప్పింది. "నీ చెయ్యి ఇంత బాగుండేది, ఏమైంది? ఇలాగే ఉంటే నిన్ను గుండీల బల్లకి మార్చక తప్పదు."

కత్తిరింపు నేను ఏళ్ల తరబడి నేర్చుకున్న పని. గుండీలు కుట్టుకుంటూ కూర్చోవడమంటే తల కొట్టేసినట్టే. మా నాన్న ఇల్లు షెడ్డుకి రెండు వీధుల అవతల. ఇక ఆలోచించడానికేముంది?

"వంతెన విప్పేదాకా నేను మా నాన్న దగ్గర ఉంటాను," అన్నాను ఆ సాయంత్రం మా ఆయనతో. "ఆదివారం వచ్చి తీసుకెళ్లమని కబురు కూడా చేశాను."

ఆయన చేతులకి అంటిన గ్రీజు తుడుచుకుంటున్నవాడు ఆగిపోయాడు. "విప్పేదాకా అంటే... వానల దాకానా?"

"వానల దాకానే."

"మరి నేను?"

"మీకేం, మీ వంతెన ఉందిగా."

అనేశాను గానీ, ఆ మాట నాకే గుచ్చుకుంది. ఆయన ఏమీ అనలేదు. అదే ఆయనతో చిక్కు. తిడితే తిరిగి తిట్టచ్చు. నోరు మూసుకున్నవాడితో ఏం పోట్లాడతాం? అలా పోయి వానల దాకా అక్కడ ఉంటే, తర్వాత మళ్లీ వంతెన పడదా? మళ్లీ వెళ్లనా? ఏడాదిలో సగం అక్కడా సగం ఇక్కడా కాపురం చేసేవాళ్లని ఎక్కడైనా చూశామా? ఇదంతా నాకూ తెలుసు. ఆయనకీ తెలుసు.

రెండు రోజులయ్యాక పొద్దున్నే నేను పనికి బయల్దేరుతుంటే, "ఇవాళ వంతెన మీద నడిచి చూడు," అన్నాడు, పెళ్లిచూపుల్లో కూర్చున్నంత సిగ్గుపడుతూ. "ఇవాళ కూడా తల తిరిగితే నేనే మీ నాన్నగారింట్లో దింపుతాను."

అడుగు పెట్టాను. కదల్లేదు. ఇంకో అడుగు. ఊహూఁ! రాతి అరుగు మీద నడిచినట్టుంది. పాలవాడు క్యాన్లు గలగలలాడించుకుంటూ సైకిల్ మీద పోయాడు, అయినా వంతెన ఉలకలేదు, పలకలేదు. నడిమధ్యకి వచ్చి వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన ఒడ్డు మీద నిలబడి నవ్వుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు షెడ్డులో కత్తి వెన్నలో దిగినట్టు దిగింది. సూపర్‌వైజరమ్మ నా వీపు తట్టింది.

సాయంత్రం తిరిగొస్తుంటే అవతలి ఒడ్డు దగ్గర మామయ్య కలిశారు. కమ్మరి దగ్గర కొత్త చీలలు చేయించుకుని, ముందురోజు మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉండి, సంచీ భుజాన వేసుకుని వస్తున్నారు. ఇద్దరం వంతెన ఎక్కాం. నేను కమ్మీ వదిలేసి, చేతులు ఊపుకుంటూ నడుస్తున్నాను.

"చూశారా మామయ్యా, ఎంత బాగుందో! అసలు ఊగట్లేదు."

ఆయన ఆగిపోయారు. కాళ్లకున్న చెప్పులు విప్పి, వట్టి పాదాలతో పలక మీద నిలబడ్డారు. అలా కాసేపు ఉండి, "ఇదేంటి, చచ్చినట్టు పడుందేంటి?" అన్నారు. తర్వాత తలెత్తి ఎగువకి చూశారు. నేనూ చూశాను. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. నీళ్లు మాత్రం పొద్దున్న ఉన్న రంగులో లేవు. మట్టి కలిపినట్టు ఎర్రగా ఉన్నాయి. నురగ, పుల్లలు, ఒక విరిగిన కొమ్మ వస్తున్నాయి. ఎక్కడో ఎగువన కాలం కాని వాన కురిసింది.

"నీళ్లు పెరుగుతున్నాయి," అన్నారాయన. "తాళ్లు బిగించి ఉన్నాయి. నీళ్లతో పాటు పంటు లేవాలి కదా, తాడు దాన్ని లేవనివ్వదు. ముక్కు పట్టి కిందికి లాగుతుంది."

అప్పుడు కనిపించింది నాకు. నది మధ్యలో ఉన్న పంట్లు ఎగువ వైపు ముక్కులు దించుకుని ఉన్నాయి, నీళ్లు తాగడానికి వంగిన గొడ్లలా. వాటి మూతల మీదికి నీళ్లు ఎక్కి, పలకల సందుల్లోంచి పైకి చిమ్ముతున్నాయి. అవి ఇంకాస్త వంగితే నది మొత్తం వాటి మీదెక్కుతుంది. ఒకటి మునిగితే పక్కదాన్ని లాగుతుంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"పరిగెత్తకు. గోల చెయ్యకు. మనుషుల్ని వెనక్కి పంపుతాను, నువ్వు ఆ చక్రం దగ్గర కూర్చో."

సైకిలు మీద ఎదురొస్తున్న పాలవాణ్ని ఒక్క కేకతో వెనక్కి మళ్లించారు. మా ఒడ్డు నుంచి మా ఆయన పరిగెత్తుకొస్తున్నాడు. మామయ్య కొడుకుని చూసి చెయ్యి చాపి, "అటు నుంచి మొదలెట్టు! కొంచెం కొంచెం! అందరం కలిసి!" అని అరిచారు. మా ఆయన మొహం పాలిపోయి ఉంది. అక్కడే మొదటి చక్రం మీద వాలాడు.

చక్రానికి ఇనుప పళ్లుంటాయి. వాటి మధ్యలో పడి వెనక్కి తిరగకుండా పట్టుకునే ముక్కని నాలుక అంటారు. దాన్ని ఎత్తితే తాడు వదులవుతుంది. ఎత్తబోయాను. రాలేదు. కాళ్లు తన్నిపెట్టి లాగినా రాలేదు.

"బరువు మీద ఉంది, రాదు! నేను పిడి ముందుకి తిప్పుతాను. కాస్త సడలగానే ఎత్తు. నేను ఆపమన్నప్పుడు వదిలెయ్."

ఆయన పిడి మీద పడి తిప్పారు. మెడనరాలు ఉబ్బాయి. నాలుక కదిలింది. ఎత్తాను. పిడిని ఒంటితో అడ్డుకుంటూ ఆయన తాడుని మూరలు మూరలుగా వదిలారు. "ఆపు!" వదిలేశాను. నాలుక టక్కున పడింది. పక్క చక్రం. మళ్లీ అదే. ఆ పక్కది. మోకాళ్ల దాకా నీళ్లు, జుట్టు మొహం మీద, చెప్పులు ఎటు పోయాయో. ఒక్కసారిగా వదిలితే వంతెన విరుగుతుందట. అందుకని అందరం ఒకే లెక్కలో కొంచెం కొంచెంగా వదులుకుంటూ ఒకరి వైపు ఒకరం వచ్చాం.

నది నడుమన, నేను కూర్చున్న పంటు ఒక్కసారి వణికింది. ముక్కు మీది నీళ్లు రెండు పక్కలకీ జారిపోయాయి. అది మెల్లగా పైకి లేచింది, నన్నూ లేపుకుంటూ. వంతెన దిగువకి విల్లులా వంగి, తాళ్ల మీద ఆగి, మళ్లీ ఊగడం మొదలెట్టింది.

"ఊగుతోంది మామయ్యా!" అన్నాను ఏడుస్తూ నవ్వుతూ.

"ఊగుతోందమ్మాయ్," అన్నారాయన, పలక మీద కూలబడి.

ఈ కథలో నేను ధైర్యవంతురాల్ని అయిపోయాననుకునేరు. ఒడ్డెక్కి, మా ఆయన చెయ్యి పట్టుకుని, పొద్దుటి నుంచీ తిన్నదంతా కక్కుకున్నాను.

అందరం ఇంటికొచ్చాక మామయ్య అడగనే లేదు. మా ఆయనే ఆయన ముందు నిలబడి చెప్పాడు. "నేనే బిగించాను నాన్నా. నిన్న చీకటి పడేముందు. ఇది వెళ్లిపోతానంది."

మామయ్య తువ్వాలుతో తల తుడుచుకుంటున్నారు. పిడుగు ఎప్పుడు పడుతుందా అని నేనూ అత్తయ్యా గుమ్మం దగ్గరికి జరిగాం.

"పిల్లకి నడక రాకపోతే నడక నేర్పాలి గానీ," అన్నారు చివరికి, "వంతెనని ఆపుతావుట్రా?"

"నాకు వేరే ఏం చెయ్యాలో తోచలేదు."

"తోచలేదని ఎగువ తాళ్ల మీద చెయ్యేస్తావా? దాని మీద నీ పెళ్లాం నడుస్తోంది! అది తట్టలేదా నీకు?" ఆ కేకకి గోడమీది గిన్నె కదిలింది. మామయ్య గొంతు తగ్గించారు. "రేపు పొద్దున్నే పడవ తియ్యి. మధ్య లంగరు ఒకటి జారింది. మళ్లీ వెయ్యాలి."

"మీరు వేస్తారా?"

"తాళ్లు నీకే ఇచ్చానన్నాను కదా. నువ్వే వెయ్యి. నేను పడవలో కూర్చుని తిడతాను."

మర్నాడు వాళ్లిద్దరూ పొద్దెక్కేదాకా నది మీదే ఉన్నారు. మామయ్య మాట తప్పలేదు, ఆ తిట్లు ఒడ్డుదాకా వినిపించాయి. నేను ఆ రోజు పనికి వెళ్లలేదు. అత్తయ్య నా తలకి నూనె రాస్తూ కూర్చుంది.

"నాకూ అంతేనమ్మా," అంది ఉన్నట్టుండి. "తల తిరుగుతుంది. అందుకే వంతెన ఎక్కను."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ. కొత్తలో ఒకసారి రెండు పంట్లు దాటి, నాలుగు కాళ్ల మీద వెనక్కొచ్చాను. అవతల పనులన్నీ వానల్లో పడవ ఉన్నప్పుడే చూసుకుంటాను. మీ మామయ్య ప్రతి ఏడూ వంతెన కలిపిన రోజు అడుగుతారు, వస్తావా అని. రానంటాను. సరేనంటారు. మళ్లీ ఏడు మళ్లీ అడుగుతారు."

నేను వెనక్కి తిరిగి చూశాను. ముప్పై ఏళ్లుగా వంతెన కట్టేవాడి పెళ్లాం! నాకు నవ్వాగలేదు. ఆవిడ నా నెత్తి మీద ఒక్కటిచ్చింది, కానీ తనూ నవ్వింది.

ఆదివారం రానే వచ్చింది. మా నాన్న బండి కట్టించుకుని అవతలి ఒడ్డుకి వచ్చి నిలబడ్డాడని కబురొచ్చింది. ఆయన ఇవతలికి రాడు. "పునాది లేని దాని మీద కాలు పెట్టను, బావగారు ఏమీ అనుకోవద్దు," అని పెళ్లిలోనే చెప్పేశాడు. నేను బట్టలు సర్దుకున్నాను. మా ఆయన ఆ సంచీ ఎత్తుకుని, "వెళ్లిరా. నేనే వారం వారం వస్తాను," అన్నాడు. మళ్లీ బిగిస్తానని అనలేడు. ఉండమనీ అనలేడు. నేను ఉంటాననీ అనలేకపోయాను, కత్తి పట్టిన చెయ్యి కదా, దాన్ని వదులుకోలేను.

గుమ్మం దాటబోతుంటే అత్తయ్య మంచి చీర కట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది.

"అమ్మాయిని అవతలి ఒడ్డుదాకా నేనే దింపుతాను."

మామయ్య నోరు తెరిచారు. "నువ్వా?"

"నేనే. మీరు మాట్లాడారంటే ఇక్కణ్నుంచే వెనక్కి పోతాను."

ఆయన నోరు మూసుకున్నారు. అలా మేం వంతెన ఎక్కాం. మా ఆయన సంచీతో ముందు, నేనూ అత్తయ్యా ఒకరి చెయ్యి ఒకరం మెలేసుకుని మధ్యలో, ఊపిరి కూడా గట్టిగా తీయకుండా మామయ్య వెనకాల. రెండో పంటు దగ్గరే ఆవిడ ఆగిపోయింది.

"అమ్మో! నేలేదే తల్లీ!"

"నా మొహం చూడండి అత్తయ్యా, నీళ్లు చూడకండి. మోకాళ్లు కర్రల్లా పెట్టకండి, నేను అలాగే చెడ్డాను. వదలండి. అది లేస్తే మీరూ లేవండి. ఆఁ, అలాగే."

"నేను పడితే నువ్వూ పడాలి, చెప్తున్నా."

"ఇద్దరం పడదాం లెండి. ఈత మీకొచ్చా నాకొచ్చా?"

బండి ఒకటి పక్కనుంచి పోయింది. ఆవిడ నన్ను వాటేసుకుంది. "ఏం కాదు, ఏం కాదు, పోయింది," అంటూ వీపు నిమిరాను. ఆవిడ ఎక్కడ అడుగేస్తోందో, పలక సందు ఎక్కడుందో, ఎదురుగా ఎవరొస్తున్నారో, ఇదే చూసుకుంటూ పోయాను. నాకు తల తిరుగుతోందో లేదో చూసుకునే తీరిక దొరకలేదు. కాలికి మట్టి తగిలాక గానీ ఒడ్డొచ్చిందని తెలీలేదు.

వెనక్కి చూస్తే మామయ్య భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటున్నారు. దుమ్ము పడిందన్నారు. నది మీద దుమ్మేమిటో!

మా నాన్న బండి దగ్గర సిద్ధంగా నిలబడి ఉన్నాడు. మా ఆయన చేతిలో సంచీ అందుకుని, "ఎక్కమ్మా, ఎండెక్కుతోంది," అన్నాడు. నేను కదల్లేదు. కదలడానికి లేదు. అత్తయ్య చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది. నటన అనుకుందామంటే అది నిజంగానే వణుకుతోంది.

"అన్నయ్యగారూ," అంది ఆవిడ మా నాన్నతో, "అమ్మాయిని మీరెలా తీసుకెళ్తారు?"

"అదేంటమ్మా, మీరే కదా దింపడానికొచ్చారు?"

"వచ్చాను. రావడం వచ్చేశాను." ఆవిడ నది వైపు ఒకసారి చూసి, చటుక్కున మొహం ఇటు తిప్పుకుంది. "ఇప్పుడు నన్ను అవతలికి ఎవరు తీసుకెళ్తారు? ఈ మగాళ్లా? వాళ్లకి భయమంటే ఏంటో తెలీదు, నాకేం నేర్పుతారు?"

మా నాన్న నా వైపు చూశాడు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన పాపం, నేల చూస్తున్నాడు. నేను వెళ్లి మా నాన్న చేతిలోంచి సంచీ తీసుకుని ఆయనకిచ్చాను. ఆయన దాన్ని రెండు చేతుల్తో పొట్టకి అదుముకున్నాడు.

"పొద్దున్నే పనికొస్తాను నాన్నా," అన్నాను. "అప్పుడు ఇంటికొచ్చి టీ తాగి వెళ్తాను."

అత్తయ్య అప్పటికే నా చెయ్యి మెలేసుకుని వంతెన మొదట్లో నిలబడి ఉంది. "పదవే," అంది. "మధ్యలో వదిలావో, చూడు!"